సంచిలో రాగి గరిటె

ఆగస్టు 11

ఊరు చూడ్డానికి వచ్చే అతిథులను ఇళ్లవాళ్లం వంతులవారీగా ఉంచుకుంటాం, ఈ వారం అతిథుల వంతు మా ఇంటిది. పూణే నుంచి ముగ్గురు వచ్చారు, భార్యాభర్తలూ ఆయన తల్లీ. అందరిలాగే వీళ్లూ సిమ్లా వైపు నుంచి ఎక్కి వచ్చారు, మనాలీ వైపు దిగిపోతారు. వంటింట్లోకి రాగానే పొయ్యికి ఇవతల తివాచీ మీద చతికిలబడి, అందరిలాగే ఎదుట చూసి, "అబ్బ, ఎంత మంచి కిటికీ ఆంటీ మీది" అన్నారు. అద్దం రాంపూర్ నుంచి వచ్చింది, మొదటిది దారిలో పగిలింది, ఇది రెండోది అని చెప్పాను. నవ్వారు. ఈ మాట చెప్పినప్పుడల్లా అతిథులు నవ్వుతారు. ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. కిటికీలో కనిపించే మంచుకొండ బయట కూడా ఉంది. పిడకలు తేవడానికి వెళ్లినప్పుడల్లా కనిపిస్తూనే ఉంటుంది. దానికోసం ఇంత దూరం రావాలా?

నేను పొయ్యికి అవతల, కిటికీకి వీపు పెట్టి, నా చోట కూర్చుని రాగి గరిటెతో థుక్పా సూపు పోశాను. కోడలు కేసంగ్ పిండి వత్తింది. దాని పొట్ట ఇప్పుడు పీటకు తగులుతోంది. పోయి కూర్చోవే అన్నాను. "మీరు కూర్చోండి అమా, నేను పోస్తాను" అంది.

నాకు అలసట లేదు. ఉంటే చెప్పనా?

ఆగస్టు 12

అబి వెన్న కోసం కింది ఇంటి నుంచి ఎక్కి వచ్చింది. నాకు అత్తగారు, కానీ ఊరందరికీ అబి, అంటే అవ్వ, కనక నాకూ అబే. అతిథులు యవల పిండిని టీలో కలుపుకుని తినడం నేర్చుకుంటున్నారు. వాళ్ల ముందే అడిగింది.

"మూల గదికి సున్నం కొట్టించావా బుటిత్?"

వినబడనట్టు పొయ్యిలో ఇంకో పిడక పెట్టాను. ఏ గది అని పూణే ఆవిడ అడిగింది. నా కొడుకు అంగ్‌దుయ్‌కి నోట్లో నువ్వుగింజ నానదు. మొత్తం విప్పి చెప్పాడు.

"మా దగ్గర పెద్ద కొడుక్కి బిడ్డ పుట్టేలోగా అమ్మా నాన్నా పెద్దిల్లు వదిలి కింది ఇంటికి దిగాలండీ. కింది ఇంట్లో ఉన్న మా అబి ఇంకా చిన్న గదికి పోతుంది. బిడ్డ ఏడుపు వినిపించేసరికి ఎవరి చోట్లో వాళ్లుండాలి."

పూణే ఆవిడ నా వైపు జాలిగా చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు. ఆవిడ కప్పులో ఉప్పు టీ నిండా పోసి, పైన ఇంకో ముద్ద వెన్న వేశాను. పాపం, మింగలేక కక్కలేక తాగింది.

నాకేం బాధ లేదు. దిగాల్సిందే, అది తరతరాల వాడుక. బఠాణీ కోత కానీ.

ఆగస్టు 13

బఠాణీ.

ఆగస్టు 14

బఠాణీ. నడుము.

ఆగస్టు 20

బఠాణీ లారీ ఎక్కింది. కింది ఇంటి కప్పుకి మట్టి వేయాలని మా ఆయన తక్పా అన్నాడు. యవల కోత కానీ అన్నాను. సరే అన్నాడు. మధ్యాహ్నం వాళ్లమ్మ వచ్చి, ఈ వారమే వేయించమంది. దానికీ సరే అన్నాడు. పెళ్లయిన నాటి నుంచి ఇద్దరాడవాళ్ల మధ్య ఈ ఒక్క మాట మీదే బతుకుతున్నాడు.

కింది ఇళ్లకు అతిథుల వంతు ఉండదు. తెలియని సంగతేం కాదు. ఊరికే రాస్తున్నాను.

ఆగస్టు 24

ఆ ముసలావిణ్ని ఈ వయసులో మూల గదికి ఎలా పంపడం? పొద్దుటి ఎండ దానికి రాదు. తలుపు గాలికి కొట్టుకుంటుంది. ఈ చలికాలానికి ఆవిడ కింది ఇంట్లోనే వెచ్చగా ఉంటే మా సొమ్మేం పోయింది? మేం పెద్దింట్లోనే ఓ మూల సర్దుకుంటాం. నేను ఆవిడ కోసమే ఆలోచిస్తున్నాను. తక్పాతో ఇదే చెప్పాను.

సరే అన్నాడు.

ఆగస్టు 25

అబిని చూద్దామని కింది ఇంటికి వెళ్లాను. గోడ పక్కన మూట కట్టి ఉంది. రగ్గు, టీ చిలికే గొట్టం, ప్రార్థన చక్రం, అన్నీ అందులోనే. ఎప్పుడు కట్టారు అని అడిగాను.

"మంచు కరిగినప్పుడు. కేసంగ్ నెల తప్పిందని తెలిసిన రోజే" అంది. "నువ్వు దిగితే నేను దొర్లుతా. నాదేముంది, మూట."

చక్రం తిప్పాలంటే రోజూ మూట విప్పుకుంటోందట. మళ్లీ కట్టుకుంటోందట. ఆవిడకు పని లేదు, అందుకని.

సెప్టెంబరు 6

కింది ఇంటికి దిగడానికి మంచి రోజు చూడమని లామా దగ్గరికి వెళ్లాను. రెండు చెప్పాడు. అక్టోబరు మొదట్లో ఒకటి, వచ్చే ఏడు మంచు కరిగాక ఒకటి. ఇంట్లో మంచు కరిగాక ఉన్న రోజు చెప్పాను. అబద్ధం కాదు, ఆయన చెప్పిన రోజే.

బిడ్డ పుట్టేది ఎలాగూ కాజా ఆసుపత్రిలో. మొదటి ఏడుపు అక్కడ వినిపిస్తుంది. ఇక్కడ ఎవరు ఏ ఇంట్లో ఉంటే ఏమిటి?

సెప్టెంబరు 13

యవల కోత. నేను పొలంలో ఉంటే అతిథులకు కేసంగే వండి పెట్టింది. వాళ్లు రెండోసారి అడిగి పోయించుకున్నారని అంగ్‌దుయ్ చెప్పాడు. వాడిని ఎవరూ అడగలేదు. మిగిలింది రుచి చూశాను. ఉప్పు కాస్త ఎక్కువ. సరిగ్గా తేల్చుకుందామని ఇంకో గిన్నె తాగాను. ఎక్కువే.

సెప్టెంబరు 16

అబి కొత్త పాట మొదలుపెట్టింది. కాళ్లలో సత్తువ ఉండగానే త్సో పెమా సరస్సు చుట్టూ ఇంకోసారి తిరగాలట. కొడుకూ కోడలూ తోడు రావాలట. ఇల్లెవరు చూస్తారు అన్నాను.

"నేను చూస్తాను అమా" అంది కేసంగ్.

అడిగీ అడగకముందే అంది. నెలలు నిండుతున్న పిల్ల. వాళ్లమ్మ వచ్చి తోడుంటుందట. అది కూడా ముందే అనుకున్నారన్నమాట.

ముప్పై ఏళ్లుగా అతిథుల నోట సిమ్లా, రివాల్సర్, కులూ, మనాలీ వింటూనే ఉన్నాను. ఏ మలుపులో ఏ దుకాణం ఉందో కూడా చెప్పగలను. నేను మాత్రం రాంపూర్ దాటలేదు. పెద్దింటి పొయ్యి చల్లారకూడదు, పెద్దింటి ఆడది కదలకూడదు. అదే అన్నాను అబితో.

"పెద్దింటి ఆడదానికి చేతులుంటాయి, కింది ఇంటి ఆడదానికి కాళ్లుంటాయి" అంది. "నీకు కాళ్లు మొలిచే వేళయింది."

సామెతలా అంది కానీ, ఇంతకు ముందు ఎవరి నోటా వినలేదు. అప్పటికప్పుడు కల్పించి ఉంటుంది. వెళ్లి వస్తాం. యాత్రకు కాదనకూడదు కదా. వెళ్లినంత మాత్రాన ఇల్లు ఇచ్చేసినట్టు కాదు.

సెప్టెంబరు 19

బస్సు. కిన్నౌర్ మలుపుల్లో తక్పా కడుపులో ఏమీ మిగల్లేదు. అబి మాత్రం ఆప్రికాట్లు తింటూ డ్రైవరుకి దారి చెబుతోంది.

దువ్వెన కోసం సంచిలో చెయ్యి పెడితే రాగి గరిటె తగిలింది. అదెలా వచ్చిందో తెలియదు.

సెప్టెంబరు 21, సిమ్లా

ఇక్కడ మనుషులు ఊరికే నడుస్తారు. నీళ్లకు కాదు, కట్టెలకు కాదు, పశువుల వెనక కాదు. ఆ చివరిదాకా నడిచి, వెనక్కి తిరిగి, మళ్లీ నడిచి వస్తారు. మొదట నవ్వొచ్చింది. సాయంత్రానికి మేమూ అదే చేస్తున్నాం. బావుంది.

మాల్ రోడ్డుకి ఎక్కే లిఫ్టు అబికి తెగ నచ్చింది. పైకి వచ్చాక, ఏదో మర్చిపోయానంటూ మళ్లీ కిందికి దిగింది. మర్చిపోయిందేమీ లేదు. బొమ్మ రైలు చూస్తానంటే స్టేషన్‌కి కూడా తీసుకెళ్లాం. రైలు వెళ్లిపోయేదాకా చెయ్యి ఊపింది. ఎక్కిన వాళ్లలో ఎవరో తిరిగి ఊపారు. ఆ ఆనందంతో రాత్రి అన్నం కూడా వద్దంది.

హోటల్లో నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. పొద్దున్నే కాలుగాలిన పిల్లిలా వరండాలో తిరుగుతుంటే, గదుల ముందు తాగి పెట్టిన కప్పులు కనిపించాయి. కడిగి బోర్లించాను. హోటలువాడు తక్పాని పిలిచి, ఆవిడకి ఏమైనా బాగోలేదా అని అడిగాడట.

సెప్టెంబరు 22, సిమ్లా

కోతుల కొండ ఎక్కాం. గుడి దగ్గర ఓ ముసలి కోతి నా సంచి లాక్కుంది. అందులో చెయ్యి పెట్టి వెదికింది. దువ్వెన తీసి వాసన చూసి పడేసింది. తర్వాత రాగి గరిటె తీసింది. అటూ ఇటూ తిప్పింది, నాకింది, నా కాళ్ల ముందు పెట్టి వెళ్లిపోయింది.

తక్పా చూశాడు. అబి చూసింది. మా ఇంటి గరిటెని ఎవరు గుర్తుపట్టరు? ఆ గరిటె పట్టుకున్న ఆడదే పెద్దింటి ఆడది. దానిమీద అబి అత్తగారి నాటి సొట్ట కూడా అలాగే ఉంది.

"సిమ్లా కోతికి కూడా అక్కర్లేకపోయింది" అంది అబి. "మనమే మోస్తున్నాం."

తొందరలో పడి ఉంటుంది అన్నాను. తక్పా గరిటె తీసి, తన చొక్కాతో కోతి ఎంగిలి తుడిచి, నా సంచిలో పెట్టాడు. సరే అని కూడా అనలేదు.

సాయంత్రం ఇంటికి ఫోన్ చేశాను. అంతా బాగుందంది కేసంగ్. అతిథుల వంతు మళ్లీ మనకే వచ్చింది, ఢిల్లీ వాళ్లట. గరిటె సంగతి అడుగుతుందని చూశాను. అడగలేదు. ఉప్పు చూసి వెయ్యమని చెప్పి పెట్టేశాను.

సెప్టెంబరు 25, రివాల్సర్

త్సో పెమా. ఇన్నేళ్లూ పటంలో చూసి దణ్ణం పెట్టుకున్న సరస్సు. నేననుకున్నదానికంటే చిన్నది. చేపలు మాత్రం నేననుకున్నదానికంటే పెద్దవి, సిగ్గులేనివి. ఒడ్డున మన లోయవాళ్లు ఎదురయ్యారు. అందరూ కింది ఇళ్లవాళ్లే. ఆడవాళ్లు నోరారా నవ్వుకుంటున్నారు, మొగవాళ్లు ఎండకు పడుకుని ఉన్నారు. నన్ను చూసి, "ఎప్పుడు దిగావు బుటిత్?" అని ఒకరి తర్వాత ఒకరు అడిగారు. యాత్రకు వచ్చిందంటే దిగినట్టే అని వాళ్ల లెక్క. ఒకరికి అవునన్నాను, ఇంకొకరికి లేదన్నాను.

అబి చక్రం తిప్పుకుంటూ సరస్సు చుట్టూ నెమ్మదిగా నడిచింది. నేను చెయ్యి పట్టుకున్నాను. ఏం మొక్కుకున్నారు అని అడిగాను.

"అడగడానికి రాలేదు, చూడ్డానికి వచ్చాను. నీ చేతికి గరిటె ఇచ్చానే, ఆ చలికాలమే మొదటిసారి వచ్చాను. బస్సంతా ఏడుస్తూనే ఉన్నా."

"మీరా?"

"నేనే. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల, పొయ్యి ఆర్పేస్తుందేమో, పాలు పొంగించేస్తుందేమో అని ఏడ్చా. మా ఆయన మీద కూడా పడి ఏడ్చా. ఇక్కడికొచ్చి ఈ చేపలకు పిండి వేస్తూ కూర్చుంటే, ఎందుకు ఏడుస్తున్నానో మర్చిపోయా. ముసలితనం కాదే, అప్పుడు నాకు నీ వయసే."

ఆ చలికాలం నాకు బాగా గుర్తు. పొయ్యి ముందు ఒంటరిగా కూర్చున్న మొదటి చలికాలం. అత్తగారు హాయిగా తిరగడానికి వెళ్లిపోయిందని కుళ్లుకున్నాను. పాలు కూడా పొంగించాను. ఆవిడ ఏడ్చిందని ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు.

ఇంకో రెండడుగులు వేసి అబి, "లామాకి నోరుంటుంది బుటిత్" అంది. చేపల వైపే చూస్తూ అంది.

నేను కూడా చేపల వైపే చూశాను.

సెప్టెంబరు 28, కులూ పైన శిలోటి ఊరు

పరువు పోయింది.

సిమ్లాలో కలిసిన ఎవరో చెప్పారని ఈ ఊరికి వచ్చాం. రాయీ దేవదారు దూలాలూ వరస వరసలుగా పేర్చి కట్టిన పాత ఇళ్లు. చూడ్డానికే జనం వస్తారట. కింద ఆవులు, మధ్యలో ధాన్యం, పైన మనుషులు. గది అద్దెకిచ్చే ఇంటావిడ పేరు ఖిమీ, నా వయసే ఉంటుంది. నమస్తే చెప్పి, సామాన్లు పెట్టుకోండి, టీ తెస్తాను అని లోపలికి పోయింది. మేం సామాన్లు పెట్టాం. ఇంటికొచ్చిన మనిషి ఎక్కడ కూర్చుంటాడు? పొయ్యి దగ్గరే కదా. నేనూ అబీ ఆవిడ వెనకే నేరుగా వంటింట్లోకి వెళ్లి, బూట్లతోనే, పొయ్యి పక్కన చక్కగా కూర్చున్నాం. అబి చేతులు కాచుకుంటూ, "కొంచెం ఉప్పు వెయ్యమ్మా టీలో" అని కూడా అంది.

లోపల మూలన ఓ ముసలావిడ ఉంది. ఖిమీ అత్తగారు. మమ్మల్ని చూసి నుదురు కొట్టుకుంది. ఆ తర్వాత ఆ ఇంట్లో లేచిన గోల రాయను. బయటివాళ్లు గడప దాటకూడని వంటిల్లట అది, చెప్పులతో ఇంటివాళ్లే అడుగు పెట్టరట. మా ఇద్దర్నీ వరండాలోకి నడిపించారు. పొయ్యిలో నిప్పు తీసేశారు. ఖిమీ ఆవు పేడ తెచ్చి నేలంతా అలికింది. అలుకుతున్నంతసేపూ ముసలావిడ లోపలి నుంచి, ఆ మూల, ఈ మూల అని చెబుతూనే ఉంది.

సిగ్గుతో నేల చీలితే బావుండుననిపించింది. తర్వాత కోపం వచ్చింది. అతిథిని పొయ్యికి దూరంగా కూర్చోబెట్టేది కూడా ఒక ఇల్లేనా? ఈ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టనని తక్పాతో చెప్పాను. వరండాలోకే సిడ్డూ రొట్టెలు వచ్చాయి, లోపల అక్రోటు ముద్ద, పైన నెయ్యి. తిన్నాను. బావుంది. అది వేరే సంగతి.

సెప్టెంబరు 29, శిలోటి

పొద్దున్న ఖిమీ వరండాలోకి వచ్చి నా పక్కన కూర్చుంది. నిన్నటి దానికి ఏమీ అనుకోవద్దంది. మీదే పెద్ద మనసు, తప్పు మాది అన్నాను. మా దగ్గర వంటిల్లే చావడి, వచ్చిన వాళ్లంతా పొయ్యి చుట్టూ కూర్చుంటారని చెబితే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

నెయ్యి బాగుందన్నాను. ఇంట్లో చేసిందేనట. కొంచెం ఇవ్వగలవా, ఇంటికి పట్టుకెళ్తాను అంటే, లోపలి వైపు చూసింది.

"అడగాలి దీదీ. నెయ్యి డబ్బా మూత నేను తియ్యను."

ఎవరిని అడగాలో అర్థం కాలేదు. ఇల్లు నీదే కదా అన్నాను.

"ఇల్లు మా అత్తగారిది. పొయ్యి కూడా. పప్పులో ఉప్పు ఇప్పటికీ ఆవిడే వేస్తుంది, కళ్లు కనపడకపోయినా. నేను ఈ ఇంటికొచ్చి ముప్పై అయిదేళ్లు. ఇంకా కోడల్నే." కాసేపు అక్రోట్లు కొట్టింది. "నాకూ కోడలొచ్చింది. ఓ ఏడాది చూసి, ఇక నేను చూడలేనత్తా అంది. పై గదిలో గ్యాసు పొయ్యి పెట్టుకుంది. మంచిపిల్లే. కూర చేస్తే నాకూ ఓ గిన్నె పంపిస్తుంది. కానీ చూడండి, గరిటె మా అత్త చేతిలోంచి నా దాకా రాలేదు, నా చేతిలోంచి నా కోడలి దాకా పోలేదు. మధ్యలో నేను ఒట్టి చేతుల్తో ఉన్నా."

మా వాడుక ఏమిటో తక్పా చెప్పాడు. మా ఆయన అంత పొడుగ్గా మాట్లాడడం నేను వినలేదు. పెద్దిల్లు, కింది ఇల్లు, మూల గది, అన్నీ చెప్పాడు. ఖిమీ నమ్మలేదు.

"బతికుండగానే ఇచ్చేస్తారా? తమంతట తామే లేచి వెళ్లిపోతారా? ఏడవరూ?"

నేను అబి వైపు చూశాను.

"ఏడుస్తారు" అంది అబి, అక్రోటు నములుతూ. "ఏడ్చి, తర్వాత తిరగడానికి పోతారు."

ఖిమీ నవ్వు ఆపుకోలేకపోయింది. లోపలికి వినపడకుండా కొంగు నోట్లో కుక్కుకుని మరీ నవ్వింది, కళ్లలో నీళ్లు వచ్చేదాకా. ఆ నీళ్లు చాలాసేపు తుడుచుకుంది.

నేను సంచి తెరిచి రాగి గరిటె తీసి ఆవిడ చేతిలో పెట్టాను. ఎందుకు పెట్టానో తెలియదు. ఆవిడ రెండు చేతులతో పట్టుకుని, సొట్ట మీద వేలు పెట్టి చూసింది.

"బరువుగా ఉంది దీదీ" అంది.

అవునన్నాను. నేనే సంచిలో పెట్టుకుని వచ్చాను అని కూడా చెప్పాను. బయల్దేరే ముందు, కేసంగ్ పశువుల దగ్గరికి వెళ్లినప్పుడు, కొక్కెం నుంచి తీసి, శాలువాలో చుట్టి, అడుగున పెట్టాను. దువ్వెన దానిమీద పెట్టాను.

సెప్టెంబరు 30

అంగ్‌దుయ్‌కి ఫోన్ చేశాను. లామా అక్టోబరులో కూడా ఒక మంచి రోజు చెప్పాడు, చెప్పడం మర్చిపోయాను, కింది ఇంటి కప్పుకి మట్టి వేయించు అన్నాను. సరే అన్నాడు. తండ్రి పోలిక.

"మర్చిపోయావా?" అంది అబి.

"మర్చిపోయాను."

"పోనీలే. నేను రోజూ మూట విప్పి కట్టలేక చస్తున్నా."

అక్టోబరు 2

మనాలీ. ఆపిల్ పళ్లు. తక్పా కొత్త టోపీ కొనుక్కున్నాడు. అద్దంలో రెండుసార్లు చూసుకున్నాడు. ఆయన నవ్వితే అందంగా ఉంటాడని మర్చిపోయాను.

అక్టోబరు 4

ఇల్లు చేరాం. కుంజుమ్ కనుమ మీద అప్పుడే కొత్త మంచు. బస్సు అక్కడి గుడి చుట్టూ ఓ చుట్టు తిరిగి దిగింది. అనుకున్నదానికంటే ఒకరోజు ముందే వచ్చేశాం. ఎవరికీ చెప్పలేదు. అబి మూల గది చూస్తానని కిందే ఆగిపోయింది, తక్పా సామాన్లతో ఆగాడు. నేనొక్కదాన్నే పైకి ఎక్కాను.

వంటిల్లు నిండా అతిథులు. పొయ్యికి అవతల, నా చోట, కేసంగ్ కూర్చుని ఉంది. ముక్కు మీద మసి. పెద్ద కుండలోంచి థుక్పాని ఇనప కప్పుతో ముంచి పోస్తోంది. చెయ్యి కాలుతున్నట్టుంది, ముంచినప్పుడల్లా వేళ్లు దులుపుకుంటోంది. ఇన్నాళ్లూ అలాగే పోసిందన్నమాట. ఫోన్లో ఒక్క మాట కూడా అనలేదు.

నన్ను చూసి లేవబోయింది. ఆ పొట్టతో లేవడం కూడా ఒక పనే. కూర్చోమన్నాను. సంచి తెరిచి, గరిటె తీసి, పొయ్యి మీదుగా చాపాను. ఏం చెప్పాలో బస్సులో అంతా అనుకుంటూ వచ్చాను. తీరా నోటికి వచ్చింది ఇదీ.

"సంచిలోకి ఎలా వచ్చిందో తెలియదే."

కేసంగ్ నా మొహం చూసింది, గరిటెని చూసింది. రెండు చేతులా అందుకుని, నుదుటికి తాకించింది.

"దానికి కూడా సిమ్లా చూడాలనిపించిందేమో అమా" అంది.

కోపం రావాలి కదా. నాకు ఏడుపొచ్చింది, నవ్వు కూడా వచ్చింది. రెండూ కనపడకుండా గబగబా ఎక్కడైనా కూర్చుందామని చూస్తే, తివాచీ మీద అతిథులు కాస్త జరిగి చోటిచ్చారు. వాళ్ల మధ్య కూర్చున్నాను. తల ఎత్తాను.

ఎదురుగా కిటికీ. కిటికీ నిండా కొండ. సాయంత్రపు ఎండ దాని మీద పడి, శిఖరం మొదలు కిందిదాకా కాగుతున్న వెన్నలా ఉంది. చుట్టూ మసిపట్టిన చీకటి గోడ, మధ్యలో అంత వెలుగు. బయట ఎన్నిసార్లు చూశాను దాన్ని. పిడకల దగ్గర చూశాను, పొలంలో చూశాను. ఇలా కూర్చుని, చేతిలో పని లేకుండా, ఎవరో పోసే గిన్నె కోసం ఎదురుచూస్తూ ఎప్పుడూ చూడలేదు. ముప్పై ఏళ్లు దానికి వీపు పెట్టి కూర్చున్నాను. పూణే వాళ్లూ ఢిల్లీ వాళ్లూ వీళ్లందరూ నాకు మర్యాద కోసం చెబుతున్నారనుకున్నాను.

"అబ్బ, ఎంత మంచి కిటికీ" అన్నాను. పైకే అనేశాను.

కేసంగ్ వెనక్కి తిరిగి చూడలేదు. కొండకు వీపు పెట్టి, రాగి గరిటెతో నా గిన్నె నింపుతూ, "అద్దం రాంపూర్ నుంచి వచ్చింది" అంది.

అతిథులు నవ్వారు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వుతారో ఇప్పుడు తెలిసింది.

ఉప్పు సరిగ్గా ఉంది.

అక్టోబరు 7

దిగాం. లామా వచ్చి చదివాడు. అబి మూటతో మూల గదికి దొర్లింది. తలుపుకి తక్పా కొత్త బందు వేశాడు, గాలికి కొట్టుకోవడం లేదు. పొద్దుటి ఎండ రాదనుకున్నాను, వస్తుంది. చూడకుండానే రాశాను.

ఈ పుస్తకం ఇన్నాళ్లూ పెద్దింటి పిండి డబ్బాలో దాచేదాన్ని. ఇక్కడ దాచేంత చోటు లేదు. దాచేంత సంగతులు కూడా లేవు. కిటికీ గూట్లో పెడతాను.

అక్టోబరు 19

ఖిమీ నుంచి పార్శిల్ వచ్చింది. చిన్న డబ్బా నిండా నెయ్యి. అడిగి పంపిందో అడక్కుండా పంపిందో తెలియదు. అడక్కుండానే పంపి ఉంటే బావుండును.

చలికాలం బోధ్‌గయ వెళ్దామంటోంది అబి. అక్కడ లిఫ్టు ఉంటుందా అని తక్పాని అడుగుతోంది. సరే అన్నాడు.

నవంబరు 3

ఆడపిల్ల. కాజా నుంచి మధ్యాహ్నం తీసుకొచ్చారు. గడప దాటించగానే ఏడ్చిందట.

ఏడుపు కింది ఇంటి దాకా వినిపించింది.